సుజ్లాన్ షేరు పెట్టిన పరీక్ష

రామగిరి గుట్టల మీద గాలిమరలు తిరగడం అనంతపురం సీమకు కొత్త కాదు. వాన మొహం చాటేసే ఈ మెట్టనేలలో గాలికి మాత్రం కరువు లేదు. ఆ గాలిని నమ్ముకున్న సుజ్లాన్ కంపెనీ అనంతపురం జిల్లాలో మర రెక్కల కర్మాగారం కూడా పెట్టింది. ఆ కంపెనీ షేరే రెండు దశాబ్దాల్లో రెండు రకాల మదుపరులనూ గట్టిగా పరీక్షించింది.

పెరుగుతున్న షేరును కొని, ఊపు తగ్గగానే అమ్మేసేది మొమెంటమ్ పద్ధతి. అందరూ విసిగి వదిలించుకుంటున్న షేరును, కంపెనీలో సత్తా ఉందని నమ్మి కొనేది కాంట్రేరియన్ పద్ధతి.

1995లో తులసి తంతి స్థాపించిన సుజ్లాన్, 2005లో 510 రూపాయల ధరకు పబ్లిక్ ఇష్యూకు వచ్చింది. 2008 జనవరిలో ఒక్కో షేరును ఐదుగా విడగొట్టారు. ఆ లెక్కన తొలి ధర 102 రూపాయలే. అదే లెక్కన ఆ నెలలో షేరు 450 దాటింది. ఊపును నమ్మినవాళ్లకు పండగే. ఇంతలో ప్రపంచ ఆర్థిక సంక్షోభం వచ్చింది. అమెరికాలో కొన్ని రెక్కలకు పగుళ్లు వచ్చాయి. జర్మనీ కంపెనీ రీపవర్‌ను కొనడానికి చేసిన అప్పులు మెడకు చుట్టుకున్నాయి. ఏడాది తిరక్కముందే షేరు 50 రూపాయల కిందికి జారింది.

ఎదురీదేవాళ్లు రంగంలోకి దిగేది ఇలాంటప్పుడే. దాదాపు తొంభై శాతం పోయింది, ఇంకేం పడుతుందిలే అనుకుంటారు. కానీ 50 రూపాయల షేరు 5కి వచ్చినా మళ్లీ తొంభై శాతం పడినట్టే. 2012 అక్టోబరులో 20 కోట్ల డాలర్లకు పైబడిన విదేశీ బాండ్ల బాకీ తీర్చలేక కంపెనీ చేతులెత్తేసింది. 2015లో సన్ ఫార్మా దిలీప్ సంఘ్వి వర్గం షేరుకు 18 రూపాయల చొప్పున 1,800 కోట్లు పెట్టడానికి ముందుకొచ్చింది. అంతటివాళ్లే పెడుతున్నారని వెనకే కొన్నవాళ్లు, 2020 మార్చిలో షేరు రెండు రూపాయల దిగువకు పోవడం చూశారు. పడ్డప్పుడల్లా మరికొన్ని కొని ‘యావరేజ్ చేశాం’ అని ధైర్యం చెప్పుకునే అలవాటు ఎంత ప్రమాదకరమో ఇక్కడ తెలుస్తుంది.

ఆ తర్వాత అప్పులు తగ్గాయి, ఆర్డర్లు పెరిగాయి. 2023 మొదట్లో పది రూపాయల దగ్గరున్న షేరు 2024 సెప్టెంబరులో 80 దాటింది. అయినా పాత 450 కోసం కాచుక్కూర్చోవడం సరికాదు. 2008లో సుమారు 150 కోట్లున్న షేర్లు ఇప్పుడు 1,300 కోట్లు దాటాయి. కంపెనీ విలువను అన్ని షేర్లూ పంచుకోవాలి.

మరి ఏది సరైన దారి? పరిశోధకులు రెండింటికీ రుజువులు చూపించారు. 1985లో డి బాంట్, థేలర్ అమెరికా మార్కెట్‌ను పరిశీలించి, మూడు నుంచి ఐదేళ్లు బాగా నష్టపోయిన షేర్లు తర్వాతి మూడేళ్లలో, అంతకుముందు గెలిచినవాటిని మించి రాణించాయని చెప్పారు. 1993లో జగదీశ్, టిట్‌మన్ ఇంకో సంగతి తేల్చారు: గత మూడు నుంచి పన్నెండు నెలల్లో పెరిగినవే మరికొన్ని నెలలు ముందుంటున్నాయి. వీటిలో వైరుధ్యం లేదు, కాలమే వేరు. పైగా అవి పదుల కొద్దీ షేర్ల సగటు ఫలితాలు. ఒక్క సుజ్లాన్‌నే పట్టుకున్నవాడికి ఆ సగటు రక్షణ దొరకదు.

చౌక అన్న మాటనూ తరచి చూడాలి. సత్యం కంప్యూటర్స్ లెక్కలే తప్పుడువని 2009 జనవరి 7న ఆ కంపెనీ చైర్మన్ రామలింగరాజు ఒప్పుకున్నారు. ఆ ఒక్కరోజులో షేరు 179 నుంచి 40 రూపాయలకు కూలింది. రాజు కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీలను సత్యం కొనబోయిన గొడవతో అంతకుముందు డిసెంబరులో ధర పడినప్పుడు కారుచౌక అనుకుని కొన్నవాళ్లు చూసుకున్న లాభాల లెక్కలూ అవే.

అందుకే పద్ధతి ఎంచుకునేముందు, ఆ డబ్బు ఎన్నాళ్లు కదపకుండా ఉండగలదో చూసుకోవాలి. అనంతపురం పల్లెల్లో మిగులు డబ్బుకు కూడా గడువుంటుంది. జూన్, జులైల్లో వేరుశనగ విత్తనం కొనాలి, వాన తప్పితే ఇల్లు గడవాలి. అలాంటి డబ్బుతో మూడేళ్లు ఎదురీదడం సాధ్యం కాదు. మొమెంటమ్‌కు అంత ఓపిక అక్కర్లేదు గానీ, ఫలానా ధరకు దిగితే అమ్మేస్తానన్న స్టాప్‌లాస్ కొన్నరోజే రాసుకోవాలి, ఆ ధర వచ్చినప్పుడు అమ్మాలి కూడా. 2020లో అవసరం తరుముకొచ్చి రెండు రూపాయలకు అమ్మేసుకున్నవాళ్లకు 2024 నాటి 80 రూపాయలు అక్కరకు రాలేదు.