సైన్యం ఓడ ఎక్కిన తరువాత

హిజ్రీ 15వ సంవత్సరంలో, అంటే క్రీ.శ. 636లో, జరిగిన ఒక సంఘటనను మదర్సాలో చరిత్ర పాఠం చెప్పే ప్రతిసారీ మేము కాస్త ఆగి, నెమ్మదిగా చెబుతాము. సిరియాలోని హిమ్స్ నగరం అప్పటికి ముస్లింల పాలనలోకి వచ్చింది. నగరవాసులలో అధికులు క్రైస్తవులు. యూదులు కూడా ఉండేవారు. వారి ధన, మాన, ప్రాణాల రక్షణ భారం వహిస్తామన్న ఒడంబడిక మీద సేనాధిపతి హజ్రత్ అబూ ఉబైదా బిన్ జర్రాహ్ (రజి) వారి నుండి జిజ్యా వసూలు చేశారు. అంతలో రోమన్ చక్రవర్తి హెరాక్లియస్ మహాసైన్యాన్ని కూడగడుతున్నాడన్న వార్త అందింది. చెదరి ఉన్న సేనలన్నింటినీ ఒకచోటికి చేర్చక తప్పలేదు. హిమ్స్‌ను విడిచి వెళ్ళవలసి వచ్చింది. బయలుదేరే ముందు ఆయన వసూలైన సొమ్మునంతా నగరవాసులకు తిరిగి ఇచ్చివేయమని ఆజ్ఞాపించారు. మిమ్మల్ని కాపాడగల స్థితిలో మేమిప్పుడు లేము గనుక ఆ సొమ్ము మీద మాకు హక్కు లేదని ప్రజలకు తెలియజేశారు. ఇమామ్ అబూ యూసుఫ్ 'కితాబుల్ ఖరాజ్'లోను, బలాజురీ 'ఫుతూహుల్ బుల్దాన్'లోను ఈ వృత్తాంతం ఉంది.

పిల్లలకు యర్మూక్ యుద్ధం మీద ఉన్న ఆసక్తి ఈ సొమ్ము వాపసు మీద ఉండదు. వయసు అటువంటిది. కాని పరాయి నేల నుండి సైన్యాలను వెనక్కి రప్పించాలా, వద్దా అన్న వివాదం ప్రపంచంలో ఎక్కడ తలెత్తినా మాకు మొదట గుర్తుకు వచ్చేది హిమ్స్ ఖజానాయే.

2021 ఆగస్టులో అమెరికన్ సేనలు కాబూల్‌ను విడిచి వెళ్ళినప్పుడు మన ఇళ్ళలో, మస్జిదుల ముంగిళ్ళలో, పెళ్ళి విందులలో జరిగిన చర్చలు పాఠకులకు గుర్తుండే ఉంటాయి. ఇరవై ఏళ్ళ ఆక్రమణ ముగిసిందని సంతోషించినవారు ఉన్నారు; ఇక ఆడపిల్లల చదువు ఏమవుతుందని కలత చెందినవారూ ఉన్నారు. ఇద్దరి మాటలోనూ నిజముంది. 2020 ఫిబ్రవరి 29న దోహాలో అమెరికా, తాలిబాన్ కుదుర్చుకున్న ఒప్పందంలో అప్పటి కాబూల్ ప్రభుత్వమే భాగస్వామి కాదు. ఇక సామాన్య ప్రజల మాట చెప్పవలసిన పనేముంది? అయితే ఆ చర్చ అంత జోరుగా సాగుతున్నప్పుడు మాకు ఒక విషయం వింతగా తోచింది. మన సొంత దేశం ఇటువంటి ఉపసంహరణే చేసింది. దాని తరువాత వేలాది ముస్లిం కుటుంబాలు ఇల్లూ వాకిలీ కోల్పోయాయి. అది మన పొరుగు ద్వీపంలోనే జరిగింది. అయినా ఆ సంగతి మనలో చాలామందికి తెలియదు.

1987 జులై 29న కొలంబోలో రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే ఒక ఒప్పందం మీద సంతకాలు చేశారు. 1983 జులైలో తమిళుల మీద జరిగిన ఊచకోత తరువాత శరణార్థులు పడవల మీద తమిళనాడు తీరానికి చేరుతూ ఉన్నారు. ద్వీపం ఉత్తరాన అంతర్యుద్ధం రగులుతూ ఉంది. ఒప్పందం ప్రకారం తమిళ సాయుధ బృందాలు ఆయుధాలు అప్పగించాలి, శ్రీలంక సైన్యం శిబిరాలకు మళ్ళాలి, ఉత్తర, తూర్పు రాష్ట్రాలను తాత్కాలికంగా కలిపి అధికార వికేంద్రీకరణ జరపాలి. ఇది సక్రమంగా సాగేటట్లు చూసే బాధ్యత భారతదేశానిది. అందుకోసం వెళ్ళినదే భారత శాంతి పరిరక్షక దళం. మొదట దిగిన 54వ పదాతి డివిజన్ మన సికింద్రాబాద్ కేంద్రంగా ఉన్నదే.

శాంతిని కాపాడడానికి వెళ్ళిన సైన్యం మూడు నెలలు తిరగకముందే యుద్ధంలో చిక్కుకుంది. ఎల్.టి.టి.ఇ. ఆయుధాలు పూర్తిగా అప్పగించలేదు. అక్టోబరులో జాఫ్నా వీధులలో పోరు మొదలైంది. ఆ నెల 21న, దీపావళి నాడు, జాఫ్నా ఆసుపత్రిలో రోగులు, వైద్యులు, నర్సులు సహా అరవై మందికి పైగా మన సైనికుల కాల్పులలో మరణించారన్నది అక్కడి ప్రజలు నేటికీ మరువని గాయం. మన వైపున సుమారు 1,200 మంది జవాన్లు ఆ ద్వీపంలో ప్రాణాలు కోల్పోయారు. తమిళుల రక్షణకు వెళ్ళామనుకున్న సైన్యం తమిళుల ద్వేషాన్ని, సింహళీయుల అనుమానాన్ని ఒకేసారి మూటగట్టుకుంది.

1989 జనవరిలో అధ్యక్ష పదవి చేపట్టిన ప్రేమదాస, జూన్ మొదటి తేదీన, జులై నెలాఖరుకల్లా భారత సైన్యం వెళ్ళిపోవాలని గడువు విధించాడు. అప్పుడు మన విదేశాంగ మంత్రి పి.వి. నరసింహారావు. అధికార వికేంద్రీకరణ అమలు కాకుండా సైన్యం వెనుదిరగదన్నది రాజీవ్ ప్రభుత్వ వాదం. ఒప్పందానికి హామీదారుగా నిలిచినవాడు సగంలో తప్పుకుంటే ఆ హామీకి విలువేమిటని వారు అడిగారు. ఆతిథ్య దేశమే పొమ్మంటున్నప్పుడు ఏ హక్కుతో ఉంటామని ప్రతిపక్షం అడిగింది. మన బిడ్డలు ఎవరి యుద్ధంలో చనిపోతున్నారని తల్లులు అడిగారు. 1989 డిసెంబరులో వి.పి. సింగ్ నాయకత్వాన నేషనల్ ఫ్రంట్ అధికారంలోకి వచ్చింది. ఆ ఫ్రంట్ అధ్యక్షులు మన ఎన్.టి. రామారావుగారే. కొత్త ప్రభుత్వం 1990 మార్చి 31లోగా సైన్యాన్ని పూర్తిగా రప్పించాలని నిర్ణయించింది. గడువుకు వారం ముందే, మార్చి 24న, ఆఖరి దళం ట్రింకోమలి రేవులో ఓడ ఎక్కింది. మద్రాసుకు తిరిగి వచ్చినవారికి స్వాగతం పలకడానికి ముఖ్యమంత్రి కరుణానిధి వెళ్ళలేదు.

ఈ వాదప్రతివాదాలలో ఎవరి పక్షం వహించాలన్న ప్రశ్నకు మా సమాధానం దాచుకోము. సైన్యం తిరిగి రావలసిందే. ఒక స్వతంత్ర దేశ ప్రభుత్వం వద్దన్న తరువాత పరాయి సైన్యం అక్కడ ఒక్కరోజు అదనంగా ఉన్నా అది ఆక్రమణే అవుతుంది. కాని తిరిగి రావడం సరైనదైనంత మాత్రాన తిరిగి వచ్చిన తీరు కూడా సరైనదైపోదు. ఢిల్లీలోను, మద్రాసులోను, కొలంబోలోను జరిగిన ఆ చర్చలో రాజ్య గౌరవం ఉంది, జవాన్ల ప్రాణాలు ఉన్నాయి, తమిళుల హక్కులు, సింహళుల మనోభావాలు ఉన్నాయి. తూర్పు రాష్ట్ర జనాభాలో దాదాపు మూడవ వంతు ఉన్న ముస్లింలు మాత్రం లేరు.

వీరి గురించి నాలుగు మాటలు చెప్పాలి. శ్రీలంక ముస్లింల మాతృభాష చాలావరకు తమిళమే. అరబ్బీ లిపిలో తమిళం రాసుకొనే 'అర్వీ' సంప్రదాయం వారిది. ధార్మిక గ్రంథాలు ఎన్నో ఆ లిపిలో వెలువడ్డాయి. (మన దక్కనీ ఇళ్ళలో తెలుగు మాటలు కలిసిన ఉర్దూ వినే మాకు ఆ అర్వీ ఎంతో దగ్గరి బంధువుగా తోస్తుంది.) తూర్పున వారు వరి పండించే రైతులు, ఉత్తరాన జాఫ్నాలో వర్తకులు, దర్జీలు. భాష తమిళమైనా తాము వేరొక సమాజమన్నది వారి భావన. పులులకు అది ద్రోహంగా కనిపించింది. కొలంబో పాలకులకు వారు ఉపయోగపడే పావులుగా కనిపించారు. 1987 ఒప్పందం పీఠికలో ముస్లింల పేరు ఉంది, కాని ఉత్తర, తూర్పు రాష్ట్రాల విలీనం గురించి వారిని అడిగినవారు లేరు. 1988 నవంబరులో జరిగిన ఉమ్మడి రాష్ట్ర మండలి ఎన్నికలలో ఎం.హెచ్.ఎం. అష్రఫ్ నాయకత్వంలోని శ్రీలంక ముస్లిం కాంగ్రెస్ 71 స్థానాలలో 17 గెలిచి ప్రతిపక్షంగా నిలిచింది. పులుల బెదిరింపులను లెక్కచేయక, శాంతిసేన కాపలా మధ్య జరిగిన ఆ ఎన్నికలను నమ్మి వారు బరిలోకి దిగారు. ఆ కాపలా తొలగిపోతే తమ గతి ఏమిటన్నది వారి ప్రశ్న.

సమాధానం కోసం ఎంతోకాలం వేచి ఉండవలసిన అవసరం రాలేదు. మన సైన్యం శిబిరాలను ఖాళీ చేసిన ప్రతిచోటా పులులు పాగా వేశారు. భారతదేశం మాట నమ్మి పనిచేసిన తమిళ బృందాలవారిని వెంటాడి చంపారు. జూన్‌లో శ్రీలంక ప్రభుత్వంతో వారి సంధి భగ్నమైంది. ఆ నెల 11న తూర్పున పోలీసు స్టేషన్లను చుట్టుముట్టి, లొంగిపోయిన వందలాది పోలీసులను కాల్చివేశారు. వారిలో సింహళీయులతోపాటు ముస్లింలూ ఉన్నారు.

ఆగస్టు 3, శుక్రవారం. బట్టికలోవా సమీపాన కాత్తాన్‌కుడి పట్టణంలో ఇషా నమాజు జరుగుతూ ఉంది. మీరా జుమా మస్జిద్‌లోకి, హుస్సైనియా మస్జిద్‌లోకి సాయుధులు చొరబడి, సఫ్‌లలో నిలిచిన నమాజీలపై వెనుక నుండి కాల్పులు జరిపారు. మరణించినవారు వంద మందికి పైగా, పిల్లలూ ఉన్నారు. అంతకు ముందు రోజే ఇరాక్ సైన్యం కువైట్‌లోకి ప్రవేశించింది. ప్రపంచ పత్రికల దృష్టి అంతా గల్ఫ్ మీదే. గల్ఫ్‌లో పనిచేస్తున్న తమవారి క్షేమం కోసం మన తెలుగు ముస్లిం ఇళ్ళూ రేడియోలకు చెవులు అప్పగించి కూర్చున్నాయి. కాత్తాన్‌కుడి షహీదుల కోసం దుఆ చేసేందుకు చేతులెత్తవలసినవారు ఆ వార్తే సరిగా వినలేదు. మరో వారం రోజులకు ఏరావూరులోను అదే ఘోరం. ఆ తరువాత ముస్లిం హోమ్‌గార్డులు కొందరు తమిళ గ్రామాలపై ప్రతీకార దాడులకు దిగారు, నిరపరాధులను చంపారు. మనవారు చేసినంత మాత్రాన అది న్యాయం కాజాలదు.

అక్టోబరులో ఉత్తరాది వంతు వచ్చింది. మన్నారులో ముస్లింలకు కొద్ది రోజుల గడువు ఇచ్చారు. జాఫ్నాలో అక్టోబరు 30న ఇచ్చిన గడువు రెండు గంటలు. ఉస్మానియా కళాశాల మైదానంలో సమావేశం కావాలని మైకులలో చాటించి, అక్కడే ఊరు విడిచిపొమ్మన్న ఆజ్ఞ వినిపించారు. నగలు, నగదు, ఇళ్ళ దస్తావేజులు దారిలోనే తనిఖీ చేసి లాక్కున్నారు. స్త్రీల చెవి పోగులు కూడా మిగల్చలేదు. ఉత్తర రాష్ట్రం మొత్తం మీద సుమారు 75 వేల మంది, అంటే అక్కడి ముస్లిం సమాజం దాదాపు అంతా, వెలివేతకు గురయ్యారు. మన్నారు ద్వీపంవారు వర్షంలో సముద్రపు ఒడ్డున పడిగాపులు పడి, పడవల మీద కల్పిట్టి తీరానికి చేరారు. అనేకచోట్ల తమిళ పొరుగువారు కన్నీళ్ళతో సాగనంపారని వెళ్ళగొట్టబడినవారే చెప్పారు.

ఈ దారుణాలు మన సైన్యం చేసినవి కావు. సైన్యం ఉండి ఉంటే జరిగేవి కావని నిశ్చయంగా చెప్పడమూ సాధ్యం కాదు. శాంతిసేన ఉన్నంతకాలం ముస్లింలు నిశ్చింతగా ఉన్నారన్నది కూడా నిజం కాదు. అయినా ఒక లెక్క మిగిలే ఉంది. ఫిఖ్‌హ్‌లో 'కఫాలా' అని ఒక అధ్యాయం ఉంది. జామీను నిలబడినవాడి బాధ్యత ఎంతవరకు, ఎప్పుడు, ఏ షరతుల మీద అతడు విముక్తుడవుతాడు అన్నది అందులో విషయం. అప్పు తీరితేనో, హక్కుదారుడు వదులుకుంటేనో జామీనుదారుడు బయటపడతాడు గాని, తనకు విసుగు పుట్టింది కాబట్టి కాదు. ఆ సూత్రాన్ని యథాతథంగా రాజ్యాలకు అన్వయించవచ్చునా అన్న సందేహం రావచ్చు. మేము ఫత్వా ఇవ్వడం లేదు. కాని హామీదారు వెళ్ళిపోక తప్పనప్పుడు, తన హామీని నమ్మి ప్రమాదంలోకి దిగినవారు ఎవరెవరు, వారికి ముందే ఏమి చెప్పాలి, వారి రక్షణ భారం ఎవరికి అప్పగించాలి అన్నది ఢిల్లీ అడగవలసిన ప్రశ్న. 1989 సెప్టెంబరు ఒప్పందంలో శాంతి సంఘం, భద్రతా సమన్వయ బృందం వంటి పేర్లు కాగితం మీద ఉన్నాయి. ఆఖరి ఓడ బయలుదేరేనాటికి వాటికి ప్రాణం లేదు.

హజ్రత్ అబూ ఉబైదా (రజి) హిమ్స్ ప్రజలకు రక్షణ ఇవ్వలేకపోయారు; ఇవ్వలేనని దాచకుండా చెప్పారు. డబ్బు వాపసు కన్నా ఆ చెప్పడమే పెద్దదని మాకు అనిపిస్తుంది. దానితో నగరవాసులకు తమ కోట తలుపులు తామే మూసుకొనే వ్యవధి దొరికింది. జాఫ్నా ముస్లింలకు, రాష్ట్ర మండలిలో కూర్చున్నవారికి, శాంతిసేనకు దారి చూపిన గ్రామస్థులకు అటువంటి మాట చెప్పినవారు ఎవరు?

2002 ఏప్రిల్‌లో కిలినొచ్చిలో జరిగిన పత్రికా సమావేశంలో పులుల ప్రతినిధి బాలసింగం ఆ వెలివేతకు క్షమాపణ చెప్పి, ముస్లింలు తిరిగి రావచ్చునన్నారు. 2009లో యుద్ధమే ముగిసింది. కొందరు తిరిగి వెళ్ళారు. వారికి కూలిన గోడలు, అడవి కమ్మిన పొలాలు, పరుల చేతుల్లోకి పోయిన స్థలాలు ఎదురయ్యాయి. పుత్తళం శిబిరాలలో పుట్టిన పిల్లలు ఇప్పుడు పిల్లల తల్లిదండ్రులు. వారికి జాఫ్నా తాత చెప్పిన ఊరు మాత్రమే. కొలంబో వద్ద పార్లమెంటు సమీపాన భారత జవాన్ల స్మారక చిహ్నం ఉంది. అమరుల పేర్లు దాని మీద చెక్కారు. మన ప్రధాని 2015లో అక్కడ పుష్పాంజలి ఘటించారు. కాత్తాన్‌కుడిలోని మీరా జుమా మస్జిద్ గోడల మీద తూటాల గుర్తులను సున్నం వేసి పూడ్చకుండా అలాగే ఉంచారు. ఇషా వేళ జమాత్ ఆ గోడల మధ్యనే నిలుస్తుంది.