ఆఖరి నిమిషాల మర్హూన్

ఆరు నిమిషాలు అదనం అని బోర్డు చూపించారు. ఆరూ అయిపోయాయి, ఏడూ ఎనిమిదీ దాటాయి. 2–1తో ముందున్న ఇండోనేషియా ఆటగాళ్ళు రెఫరీ ఈల ఎప్పుడు ఊదుతాడా అని చూస్తున్నారు. తొమ్మిదో నిమిషంలో కార్నర్ కిక్ వచ్చింది, గోల్ ముందు గుంపులో బంతి చిక్కింది, మొహమ్మద్ మర్హూన్ దాన్ని లోపలికి తన్నేశాడు. 2024 అక్టోబర్ 10న బహ్రెయిన్‌లోని రిఫాలో జరిగిన ప్రపంచ కప్ అర్హత మ్యాచ్ అలా 2–2తో ముగిసింది. ఆ రోజు బహ్రెయిన్ మొదటి గోల్ కూడా అతనిదే, పదిహేనో నిమిషంలో నేరుగా కొట్టిన ఫ్రీ కిక్.

ఇండోనేషియా అభిమానుల కోపం ఎంత దూరం వెళ్ళిందంటే, జకార్తాలో జరగాల్సిన రెండో మ్యాచ్‌ని వేరే దేశానికి మార్చమని బహ్రెయిన్ ఫుట్‌బాల్ సంఘం ఆసియా సమాఖ్యను అడిగింది. మ్యాచ్ మారలేదు. 2025 మార్చిలో అక్కడికే వెళ్ళి 1–0తో ఓడి వచ్చారు.

మర్హూన్ 1998లో పుట్టాడు. ముందు వరుసకు కాస్త వెనకగా ఆడే మిడ్‌ఫీల్డర్. మిడ్‌ఫీల్డర్ ఒక మ్యాచ్‌లో పది, పదకొండు కిలోమీటర్లు పరుగెత్తుతాడు. డిఫెండర్‌కి సాయంగా వెనక్కి, స్ట్రైకర్‌కి బంతి అందించడానికి ముందుకి. అందుకే ఎనభయ్యో నిమిషం దాటాక అతని కాళ్ళలో ఏం మిగిలిందన్నదే అతని అసలు పరీక్ష అని నా నమ్మకం. బహ్రెయిన్ మిడ్‌ఫీల్డర్లు ఆ పరీక్షలో మళ్ళీ మళ్ళీ నెగ్గారు. అందులో ఒకసారి మన మీదే నెగ్గారు.

2019 జనవరి 14, షార్జా, ఆసియా కప్. భారత్‌కి డ్రా చాలు, నాకౌట్‌కి వెళ్ళిపోతుంది. తొంభై నిమిషాలు 0–0గానే నిలబెట్టారు. ఇంజురీ టైమ్ మొదటి నిమిషంలో ప్రణయ్ హల్దార్ ఫౌల్ చేశాడు, పెనాల్టీ. కొట్టింది జమాల్ రషీద్. హల్దార్ మిడ్‌ఫీల్డరే, ఆ రోజు మన కెప్టెన్ కూడా, రషీదూ మిడ్‌ఫీల్డరే. బహ్రెయిన్ ముందుకి, భారత్ ఇంటికి. మ్యాచ్ అవగానే మన కోచ్ స్టీఫెన్ కాన్‌స్టాంటైన్ రాజీనామా చేశాడు. హల్దార్‌ని తిట్టినవాళ్ళు చాలామంది ఉన్నారు గానీ, ఆ ఒక్క తప్పుకి ముందు అతను ఆడిన తొంభై నిమిషాలూ నాకు గుర్తున్నాయి.

తేదీ గమనించారా? 2011 ఆసియా కప్‌లో బహ్రెయిన్ చేతిలో భారత్ 5–2తో ఓడింది కూడా జనవరి 14నే. ఆ రోజు ఇస్మాయిల్ అబ్దుల్ లతీఫ్ ఒక్కడే నాలుగు గోల్స్ కొట్టాడు.

2024 జనవరిలో మలేషియా మీద 0–0గా సాగుతున్న ఆసియా కప్ మ్యాచ్‌ని 95వ నిమిషంలో గెలిపించినవాడు అలీ మదన్. అతనూ మిడ్‌ఫీల్డరే. ఆ గెలుపుతో నిలబడిన బహ్రెయిన్ దక్షిణ కొరియా ఉన్న గ్రూపులో మొదటి స్థానం తెచ్చుకుంది.

ఇంతకీ బహ్రెయిన్ ఎంత దేశం? దాదాపు 780 చదరపు కిలోమీటర్లు. 2007లో ఏర్పడినప్పటి గ్రేటర్ హైదరాబాద్ 650. బహ్రెయిన్ జనాభా సుమారు 16 లక్షలు, అందులో సగానికి పైగా బయటి దేశాలవాళ్ళు. అంటే జాతీయ జట్టుకి ఆటగాళ్ళని వెతుక్కోవాల్సింది మన ఒక మోస్తరు జిల్లా కంటే తక్కువ జనంలోంచి.

ఆ బయటివాళ్ళలో మనవాళ్ళు బాగా కనిపించే పేట మనామాలోని గుదైబియా. బహ్రెయిన్ పార్లమెంటు ఉన్నది అక్కడే. అందాలుస్ గార్డెన్ అక్కడే. 1915లో మొదలైన ఇండియన్ క్లబ్ కూడా అక్కడే. సందుల్లో చిన్న చిన్న కెఫెటీరియాలు, కరక్ చాయ్, గోడకి టీవీ. గల్ఫ్ కప్ వచ్చిందంటే ఆ టీవీ ముందు మలయాళీ, తెలుగు, బెంగాలీ, బహ్రెయినీ అన్న తేడా ఉండదు.

గల్ఫ్ కప్ పుట్టింది బహ్రెయిన్‌లోనే, 1970లో. ఆడింది నాలుగు జట్లు, గెలిచింది కువైట్. తన ఇంట్లో పుట్టిన కప్పు కోసం బహ్రెయిన్ 49 ఏళ్ళు ఎదురుచూసింది. చివరికి 2019 డిసెంబర్ 8న దోహాలో సౌదీ అరేబియాను 1–0తో ఓడించి అందుకుంది.

రెండోది మర్హూన్ కప్పు అనొచ్చు. 2024 డిసెంబర్ చివరి రోజున సెమీఫైనల్, ప్రత్యర్థి ఆతిథ్య కువైట్. బహ్రెయిన్ రెడ్ కార్డుతో పదిమందికి తగ్గింది. అయినా 1–0తో గెలిచింది, గోల్ మర్హూన్‌ది. 2025 జనవరి 4న ఫైనల్. ఒమన్ మొదట్లోనే ఒక గోల్ వేసి గంటసేపు కాపాడుకుంది. 78వ నిమిషంలో పెనాల్టీ వచ్చింది; మర్హూన్ సమం చేశాడు. రెండు నిమిషాలకే ఒమన్ డిఫెండర్ కాలికి తగిలి బంతి సొంత గోల్‌లోకే పోయింది. 2–1. టోర్నీ ఉత్తమ ఆటగాడిగా మర్హూన్‌నే ఎంచుకున్నారు.

పాత తరం బహ్రెయిన్ ఆటగాళ్ళలో చాలామంది ఉద్యోగం చేసుకుంటూ ఆడినవాళ్ళే. మన దగ్గరా అంతే కదా, పోలీసు జట్టు, రైల్వే జట్టు. 1950లలో దేశాన్నే ఏలిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు అలాంటిదే. ఆ పద్ధతికి ఎదురు నిలిచిన హైదరాబాదీ మొహమ్మద్ హబీబ్. వచ్చిన ఉద్యోగాలు వద్దనుకుని ఆటనే వృత్తి చేసుకున్నాడు. భారత్ తొలి అసలైన ప్రొఫెషనల్ ఫుట్‌బాలర్ అని అతన్నే అంటారు. ముందు వరుసకీ మధ్య వరుసకీ నడుమ అతని ఆట. 1970 ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టులో ఉన్నాడు. 1977లో కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్‌లో పెలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్ మీద మోహన్ బగాన్ 2–2తో నిలిచినప్పుడు అందులో ఒక గోల్ హబీబ్‌దే. 2023 ఆగస్టు 15న హైదరాబాద్‌లో కన్నుమూశాడు. ఈ తరంలో నిజామాబాద్ జిల్లా అమ్మాయి గుగులోత్ సౌమ్య 2022లో క్రొయేషియా వెళ్ళి డైనమో జాగ్రెబ్‌కి ఆడింది. ఆమె పేరు మన ఊళ్ళలో ఇంకా చాలామందికి తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది.

బహ్రెయిన్ ఇంతవరకు ప్రపంచ కప్ ఆడలేదు. రెండుసార్లు ఆఖరి మెట్టు దాకా వెళ్ళింది. 2005లో ట్రినిడాడ్ అండ్ టొబాగో చేతిలో, 2009లో న్యూజిలాండ్ చేతిలో, రెండుసార్లూ ఒక్క గోల్ తేడాతోనే ఆగిపోయింది. 2026 అర్హత పోటీల్లో మర్హూన్ గోల్స్ ఉన్నా గ్రూపులో చివరి స్థానమే దక్కింది.

2027 జనవరిలో ఆసియా కప్ సౌదీ అరేబియాలో మొదలవుతుంది. బహ్రెయిన్ ఉంది, భారత్ అర్హత సాధించలేదు. మ్యాచ్‌లు జరిగే మూడు నగరాల్లో ఒకటి ఖోబర్. 1986లో తెరిచిన కింగ్ ఫహద్ వారధి బహ్రెయిన్ నుంచి సముద్రం మీదుగా సుమారు 25 కిలోమీటర్లు సాగి ఆ వైపే దించుతుంది. వీసా చేతిలో ఉంటే గుదైబియాలోని తెలుగువాడు కారులోనే వెళ్ళి ఆసియా కప్ మ్యాచ్ చూసి రాత్రికి తిరిగి రావచ్చు.