ఫ్రెంచి పల్లె ఇంటి భోజనాల గది

ఫ్రాన్సు రైతు ఇంట్లో భోజనాల కోసం విడిగా గది ఉండేది కాదు. పొయ్యి ఉన్న పెద్ద గదిలోనే వంట, తిండి, నూలు వడకడం, చలికాలపు రాత్రుళ్ల కబుర్లు అన్నీ సాగేవి. చాలా ఇళ్లలో పడకలు కూడా అక్కడే ఒక మూలన ఉండేవి. తినడానికే ఒక గది కేటాయించే పద్ధతి పారిస్ సంపన్నుల భవనాల్లో 18వ శతాబ్దం నడిమికి గాని కుదురుకోలేదు. అంతకుముందు ప్రభువుల ఇళ్లలో సైతం భోజనం వేళకు వీలున్న గదిలో కొయ్య స్టాండ్ల మీద పలకలు పరిచి బల్ల వేసేవారు, తిన్నాక ఎత్తేసేవారు. కాబట్టి ఇవాళ ఫర్నిచర్ దుకాణాలు ‘ఫ్రెంచి కంట్రీ డైనింగ్’ అని అమ్మే శైలికి మూలం భోజనాల గదిలో లేదు, వంటింట్లో ఉంది. అందులోని ప్రతి వస్తువూ ఒకప్పుడు ఏదో పని కోసం వచ్చి చేరినదే. ఈ సంగతి పట్టుబడితే ఏం కొనాలో, ఏం వదిలేయాలో తేల్చుకోవడం సులువవుతుంది.

ఫ్రాన్సు అంతటా ఈ శైలి ఒకే తీరుగా ఉండదు. దక్షిణాన ప్రొవాన్స్‌లో ఎండ తీవ్రం, గోడలు మందం, కిటికీలు చిన్నవి. అక్కడి బల్లలూ అలమరలూ ఎక్కువగా అక్రోటు చెక్కవి. ఉత్తరాన నార్మండీలో వాన ఎక్కువ, ఓక్ చెట్లు ఎక్కువ. పడమటి కొసన బ్రిటనీలో ఓక్‌తో పాటు చెస్ట్‌నట్ చెక్కను బరువుగా, ముదురు రంగులో వాడారు. పత్రికల్లో ఎక్కువగా కనిపించేది ప్రొవాన్స్ ముఖమే. లావెండర్ పొలాలూ ఆలివ్ తోటలూ పర్యాటకులకు అంతగా నచ్చాయి మరి.

గదికి పెద్దదిక్కు బల్ల. పల్లె బల్ల పొడవుగా, ఇరుకుగా ఉంటుంది. వెడల్పు 70 నుంచి 80 సెంటీమీటర్లు మించకపోవడం మామూలే. పైన మందపాటి పలకలు, కింద నాలుగు నిటారు కాళ్లు, ఒక కొసన రొట్టెకో కత్తులకో సొరుగు. దాని మీదే పిండి పిసికారు, కూరలు తరిగారు, మాంసం కోశారు. ఆ గాట్లూ మరకలూ తరతరాల వాడకంతో వచ్చినవి. కొత్త బల్లను గొలుసుతో కొట్టి, గీకి, పాతదానిలా అమ్మే వ్యాపారం ఇప్పుడు జోరుగా ఉంది. అలాంటిదానికి డబ్బు పోయడం కంటే గట్టి చెక్కతో సాదా బల్ల చేయించుకుని, నూనెగాని తేనెమైనంగాని పట్టించి, రోజూ వాడటం మేలు. గాట్లు వాటంతట అవే వస్తాయి. మన ఇళ్లలో పాత టేకు బల్ల ఉంటే అదే సరిపోతుంది. దాని మీద అద్దంలా మెరిసే పాలిష్ ఉంటే మాత్రం గీకించి తీయించాలి, ఎందుకంటే ఈ శైలికి మెరుపు పడదు.

కుర్చీల వీపు నిచ్చెన మెట్లలా అడ్డపట్టీలతో ఉంటుంది, కూర్చునే చోట గడ్డిని పురిపెట్టి అల్లుతారు. తెలుగు పల్లెల్లో నులక మంచాలు అల్లిన చేతులకు ఆ పని కష్టమనిపించదు. బల్లకు ఒక పక్క బెంచీ వేసినా తప్పులేదు. ఒకే అచ్చులో పోసినట్టు ఆరు కుర్చీలూ బల్లా అలమరా కలిపి సెట్టుగా కొంటే గది షోరూములా తయారవుతుంది. పల్లె ఇంట్లో ఒక్కో వస్తువూ ఒక్కో కాలంలో వచ్చింది: ఒకటి పెళ్లికి, ఒకటి వారసత్వంగా, ఒకటి సంతలో.

ఇక అలమరల సంగతి. పారిస్ పనివాళ్లు 15వ లూయీ కాలంలో, అంటే 1715-1774 మధ్య, వంపు తిరిగిన కాళ్లూ పూలతీగెల చెక్కడాలతో కొత్త వరస తెచ్చారు. విదేశీ చెక్కను పల్చటి రేకుల్లా కోసి అతికించడం, బంగారు పూత వేసిన కంచు బిగించడం వాళ్ల పద్ధతి. జిల్లాల్లోని వడ్రంగులు ఆ వంపును మాత్రం తీసుకున్నారు. ఊళ్లో దొరికిన అక్రోటు, చెర్రీ, పియర్ చెక్కల్లో దాన్ని నేరుగా తొలిచారు, కంచు బదులు చాలాచోట్ల ఇనుప బందులు, తాళపు రేకులు వేశారు. పారిస్‌లో మోజు తీరిపోయినా పల్లెల్లో 19వ శతాబ్దంలోనూ అవే చేస్తూ వచ్చారు. ఫ్రెంచి పల్లె ఫర్నిచర్‌లో ఒకే వస్తువులో రాజసమూ మోటుతనమూ కలిసి కనిపించడానికి కారణం ఇదే. నార్మండీలో ఆడపిల్ల పెళ్లికి చేయించే బీరువా తలుపు మీద పావురాల జంటలూ గోధుమ కంకులూ పూలబుట్టలూ చెక్కేవారు.

ప్రొవాన్స్‌కే ప్రత్యేకమైనది రొట్టెల గూడు. ‘పానెతియేర్’ అంటారు. తరిమెన పట్టిన సన్నటి చెక్క కడ్డీలతో పంజరంలా చేసి గోడకు తగిలిస్తారు. రొట్టె రోజూ కాల్చేవారు కాదు, ఒకసారి కాల్చింది చాలా రోజులకు రావాలి. గాలి ఆడాలి, ఎలుకలకు అందకూడదు. దాని కిందే పిండి పిసికే తొట్టి ఉండేది. వంటింట్లో పుట్టిన ఈ గూడు క్రమంగా చెక్కడాలు నింపుకుని కలిగిన ఇళ్ల భోజనాల గది గోడెక్కింది. ఇవాళ పాతది దొరకడం కష్టం, ధర ఎక్కువ. దాని లోటు పూడ్చడానికి నకలు వెతకాల్సిన పనిలేదు. పళ్లేలు నిలబెట్టే అరల అలమర ఒకటి ఉంటే గది నిండుతుంది.

ఆ అరల్లో నిలబడేవి ఫయాన్స్ పళ్లేలు. మట్టి పాత్రకు తగరం కలిపిన తెల్లని పూత వేసి, రంగులతో బొమ్మలు గీసి కాల్చినవి. ఇవి ఫ్రాన్సు భోజనం బల్లల మీదికి రావడం వెనక యుద్ధాల ఖర్చు ఉంది. 14వ లూయీ ఖజానా ఖాళీ కావడంతో 1689లోనూ మళ్లీ 1709లోనూ వెండి సామాను కరిగించడానికి ఇమ్మన్నాడు. వెండి పళ్లేలు పోయిన బల్లల మీద మట్టి పళ్లేలకు గిరాకీ పెరిగింది. ప్రొవాన్స్ కొండల్లోని మూస్తియే-సాంత్-మరీ అనే ఊళ్లో పియేర్ క్లెరిసీ 1679లో ఈ పని మొదలుపెట్టాడు. బ్రిటనీలోని కాంపేర్‌లో 1690 నుంచి చేస్తున్నారు. స్థానిక వేషధారణలో ఉన్న రైతు దంపతుల బొమ్మల పళ్లేలకు ఆ ఊరు పేరుపడింది. నైరుతి ప్రాంతంలో మాంసం కొవ్వులో నిల్వచేసే కుండలకు పైసగం పసుపు పూత ఉంటుంది, కిందిసగం ఉత్త మట్టి. వాటిని నేలగదిలో సగం వరకు పూడ్చిపెట్టేవారు, కనిపించని భాగానికి పూత దండగ అని. ఇప్పుడు వాటిలో పూలకొమ్మలు పెడుతున్నారు.

గోడలకు సున్నమే తగినది. మెరిసే పెయింటు వేస్తే పైన చెప్పిన చెక్కా మట్టీ కూడా నకిలీగా కనిపిస్తాయి. ప్రొవాన్స్‌లో సున్నంలో కలిపే రంగు లుబెరాన్ కొండల దిగువన రూసియోన్, ఆప్ట్ పరిసరాల్లో దొరికే ఓకర్ మట్టి. ఇనుప ఆక్సైడ్ ఉన్న ఆ ఇసుకను నీళ్లతో కడిగి, బరువైన ఇసుక దిగిపోయాక మిగిలిన మెత్తటి రంగుమట్టిని ఎండబెడతారు. పసుపు ఓకర్‌ను కాలిస్తే ఎరుపవుతుంది. సున్నం పూత ఒకేలా పట్టదు, ఒకచోట ముదురు, ఒకచోట లేత. ఆ తేడాయే గోడకు అందం. సున్నపు వెల్ల వేసే మేస్త్రీలు తెలుగు ఊళ్లలో ఇంకా ఉన్నారు. పచ్చి గోధుమ వన్నె, వెన్న వన్నె, పాలిపోయిన ఇటుక వన్నెల్లో ఏదైనా ఒకటి చాలు.

నేలకు ప్రొవాన్స్‌లో ఆరుపలకల ఎర్రమట్టి పెంకులు వేస్తారు, సాలెర్న్ అనే ఊరు వాటికి ప్రసిద్ధి. రాతి పలకలూ మామూలే. ఫ్లాట్‌లో నేల మార్చే వీలుండదు కాబట్టి నారతో నేసిన సాదా చాప పరిస్తే సరి. పైకప్పుకు బోలు చెక్కతో చేసిన ఉత్తుత్తి దూలాలు అతికించడం మాత్రం ఎంత బాగా చేసినా అతికినట్టుండదు. తొమ్మిదడుగుల స్లాబు కింద అవి నెత్తిన పడుతున్నట్టు ఉంటాయి.

గదిలో రంగులన్నీ బట్టలోనే ఉంటాయి. ఈ బట్ట చరిత్రలో తెలుగు తీరానికి వాటా ఉంది. 17వ శతాబ్దంలో కోరమాండల్ రేవుల నుంచి, అందులో ముఖ్యంగా మచిలీపట్నం నుంచి, రంగుల నూలుబట్టలు ఐరోపాకు వెళ్లాయి. గోల్కొండ సుల్తాన్ అనుమతితో 1669లో ఫ్రెంచివాళ్లు బందరులో తమ వర్తక స్థావరం పెట్టారు. ఐరోపా అద్దకాల్లో రంగు పైపైన అంటి ఉతికితే పోయేది. మన అద్దకంలో బట్టను కరక్కాయ, పాల మిశ్రమంలో తడిపి ఎండబెట్టి, పటిక అద్దినచోట చిరివేరుతో ఎరుపు, ఇనుము అద్దినచోట నలుపు పట్టేలా చేస్తారు. రంగు దారంలోకి దిగుతుంది. ఉతికినా నిలిచే ఆ పూలబట్టలను చూసి ఫ్రాన్సు వెర్రెత్తిపోయింది. అక్కడ వాటిని ‘అందియెన్’ అన్నారు. మార్సేయ్‌లో పేకముక్కలు అచ్చువేసే పనివాళ్లు 1648 నాటికే వాటికి నకళ్లు తీయడం మొదలుపెట్టారు.

ఉన్ని, పట్టు నేత యజమానులు గగ్గోలు పెట్టారు. 1686లో ప్రభుత్వం ఆ బట్టల దిగుమతిని, దేశంలో అచ్చువేయడాన్ని కూడా నిషేధించింది. నిషేధం 1759 దాకా సాగింది. డెబ్బై ఏళ్లకు పైగా ఫ్రాన్సు సంపన్న స్త్రీలు దొంగసరుకు కొని కట్టుకున్నారు. అవిన్యోన్ ప్రాంతం అప్పట్లో ఫ్రాన్సు రాజుది కాదు, పోపుది. అందువల్ల అక్కడ 1734లో ఒప్పందం కుదిరి ఆపేదాకా అచ్చుపని నడిచింది. చిన్న చిన్న పూలు, మామిడిపిందెలు వరసలుగా ఉండే ప్రొవాన్స్ బట్ట ఆ దక్షిణ ప్రాంతంలో వేళ్లూనడానికి ఇదొక కారణం. ఈలోగా కిటుకు తెలుసుకునే ప్రయత్నాలు జరిగాయి. దక్షిణ భారతంలో పనిచేసిన ఫ్రెంచి జెసూట్ పాదరీ కోర్దూ ఇక్కడి అద్దకం పద్ధతిని వివరిస్తూ 1742లో స్వదేశానికి లేఖ రాశాడు. తెలుగు-ఫ్రెంచి-సంస్కృత నిఘంటువు కూర్చినదీ ఈయనే. చిరివేరు ఫ్రాన్సులో దొరకదు, దాని బదులు అక్కడివాళ్లు మంజిష్ఠ జాతి మొక్క వేరు వాడారు.

నిషేధం తొలగిన మరుసటి ఏడే, 1760లో, జర్మనీ నుంచి వచ్చిన ఒబెర్‌కాంఫ్ అనే యువకుడు వెర్సాయ్ దగ్గర జుయీ ఊళ్లో అచ్చుబట్టల కర్మాగారం తెరిచాడు. 1770 నుంచి రాగి పలకలతో ముద్రించడం వల్ల సన్నని గీతల బొమ్మలు సాధ్యమయ్యాయి. లేత నేల మీద ఒకే ఎరుపులోనో నీలంలోనో గొల్లపిల్లలు, గొర్రెలు, శిథిలాలు, చెట్లు కనిపించే ‘త్వాల్ ద జుయీ’ బట్ట ఇదే. నిజానికి ఇది నాగరికుల సరుకు. కిటికీ తెరగానో రెండు కుర్చీల దిండ్లకో వాడితే బాగుంటుంది. గోడలకు, తెరలకు, బల్లకు అన్నిటికీ అదే వేస్తే కళ్లు తిరుగుతాయి.

దక్షిణపు చిన్నపూల బట్టకు ఇప్పటికీ పేరున్న సంస్థ తరస్కోన్‌లోని సులెయాదో. 1939లో షార్ల్ దెమెరీ ఈ పేరుతో పాత అచ్చుపనికి మళ్లీ ఊపిరి పోశాడు. ఆ బట్ట తెప్పించుకోలేనివాళ్లకు బందరు పక్కన పెడనలో చెక్క అచ్చులతో అద్దే కలంకారీ ఉండనే ఉంది. ఈ గదిలో అది పరాయిది కాబోదు. సన్నని పూలు దగ్గరదగ్గరగా ఉన్న డిజైను, చుట్టూ అంచు ఉన్నది ఎంచుకోవాలి. దేవతామూర్తులో పెద్ద నెమళ్లో ఉన్నవి భోజనం బల్లకు నప్పవు. బల్లగుడ్డ పక్కల నుంచి 25-30 సెంటీమీటర్లు వేలాడితే చాలు. చల్లని నీళ్లలో విడిగా ఉతికి నీడన ఆరేస్తే రంగు ఏళ్లు నిలుస్తుంది. రోజువారీ భోజనానికి బల్లను ఉత్తగా ఉంచి, బల్లగుడ్డను సెలవురోజుకు దాచడం కూడా పల్లె పద్ధతే.

కోళ్లు, సీతాకోకలు, పొద్దుతిరుగుడు పూలు, ఈఫిల్ టవర్ ముద్రించిన డబ్బాలు ఈ శైలి పేరిట దండిగా అమ్ముతారు. కోడిపుంజు బొమ్మ ఒకటి ఉంటే ముచ్చట, అయిదుంటే కోళ్లఫారం. అలంకరణకు కొనే వస్తువుల కంటే వాడుకునే వస్తువులను బయట పెట్టడమే ఇక్కడి నియమం: రాగి గిన్నె, రొట్టెబుట్ట, మట్టికూజా, వెల్లుల్లి జడ. పచ్చళ్ల జాడీలు ఉన్న ఇంట్లో జాడీలే పెట్టొచ్చు.

కొలతలు సరిగ్గా లేకపోతే ఇంత శ్రమా వృథా. బల్ల ఎత్తు 75 సెంటీమీటర్లు, కుర్చీ కూర్చునే చోటు 45 ఉండాలి. ఒక్కొక్కరికి బల్ల పొడవులో 60 సెంటీమీటర్లు కావాలి, అంటే పక్కకు ముగ్గురు కూర్చోవాలంటే 180. కుర్చీ వెనక్కి జరిపి లేవడానికీ వెనక నుంచి వడ్డించడానికీ గోడకూ బల్లకూ మధ్య 90 సెంటీమీటర్లు విడవాలి. గది చిన్నదైతే అలమర మానేసి గోడకు ఒక్క అర కొట్టించడం నయం. దీపం చివర్న చూసుకోవాలి. బల్ల నడిమికి సరిగ్గా పైన, బల్ల నుంచి 75-90 సెంటీమీటర్ల ఎత్తున, ఇనుప చట్రపు దీపం వేలాడదీసి, 2700 కెల్విన్ పసుపు వెలుగు బల్బులు పెట్టాలి. సున్నపు గోడ మీద తెల్లటి ట్యూబులైటు వెలుగు పడితే ఓకర్ రంగు బూడిదగా మారిపోతుంది.