కూలి ఇచ్చి... కడుపు నింపి!

ధాత కరవు... 1876-78 మధ్య ఒంగోలు ప్రాంతంలో జనానికి గింజ దొరకని రోజులవి. అక్కడి అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ ఒకప్పుడు సర్వేయరుగా పనిచేశారు. ఆ విద్యే అక్కరకొచ్చింది. సర్కారు తవ్విస్తున్న బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల పనిని కాంట్రాక్టుకు తీసుకున్నారు. దిక్కులేని జనం పలుగూ పారా పట్టి, కూలి డబ్బులతో ప్రాణం నిలబెట్టుకున్నారు. తన బోధకులనే ఆయన మేస్త్రీలుగా పెట్టారు.

మేలు పొందినవారిలో చాలామంది బాప్తిస్మం ఇమ్మని అడిగారు. క్లౌ ఒప్పుకోలేదు. కూటి కోసం ఎవరూ మతంలోకి రాకూడదన్నది ఆయన పట్టుదల. కరవు సాయం ఆగిపోయాక కూడా వాళ్లు మళ్లీ వచ్చారు. అప్పుడు కాదనలేదాయన. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. పొరుగువాడిని ప్రేమించడమంటే ముందు ఆకలి తీర్చడం... అదీ బదులు కోరకుండా!