పారాసోషల్ సంబంధం

పారాసోషల్ సంబంధం అనగా ఒక వ్యక్తి తాను ముఖాముఖి ఎన్నడూ ఎరుగని నటుడు, గాయని, వార్తలు చదివేవారు లేదా కల్పిత పాత్రతో మనసులో పెంచుకొనే ఏకపక్ష అనుబంధం. "అభిమానం" అనే తెలుగు మాట దీనికి చాలావరకు సరిపోతుంది గానీ, అభిమానం ఎదురుగా ఉన్నవారిపైన కూడా ఉండవచ్చు.

ఈ భావనను డొనాల్డ్ హార్టన్, ఆర్. రిచర్డ్ వోల్ అనే అమెరికా పరిశోధకులు 1956లో సైకియాట్రీ అనే పత్రికలో ప్రతిపాదించారు. రేడియో, టెలివిజన్ వ్యాఖ్యాత శ్రోతతో నేరుగా మాట్లాడుతున్నట్లు ఉండటం, ప్రతిసారీ అదే వేళకు రావడం వలన పరిచయస్తుడన్న భావన కలుగుతుందని వారి వివరణ. ఒంటరి పురుషులను ఉద్దేశించి ఒక స్త్రీ స్వరం మాట్లాడే "లోన్సమ్ గాల్" అనే రేడియో కార్యక్రమాన్ని వారు ఉదాహరణగా తీసుకున్నారు.

ఏకాంతం, ఒంటరితనం

ఈ రెండూ ఒకటి కావు. ఏకాంతం కోరి తెచ్చుకొనేది, ఒంటరితనం కోరకుండా వచ్చేది. తిరుమల ఆలయంలో రాత్రి జరిగే చివరి సేవకు ఏకాంత సేవ అని పేరు. ఆ మాటలో లోటు అన్న ధ్వని లేదు.

ఒంటరివారే తెరమీది మనుషులకు దగ్గరవుతారని సాధారణంగా అనుకుంటారు. అయితే స్థానిక టెలివిజన్ వార్తల ప్రేక్షకులపై రూబిన్, పెర్స్, పావెల్ 1985లో ప్రచురించిన అధ్యయనంలో ఒంటరితనానికి, ఈ అనుబంధానికి చెప్పుకోదగ్గ సంబంధం కనబడలేదు. ఇష్టమైన కార్యక్రమాన్ని తలచుకోవడం ఒంటరి భావనను కొంత తగ్గిస్తుందని 2009లో డెరిక్, గేబ్రియల్, హ్యూగెన్‌బర్గ్ చూపారు. నిజమైన స్నేహానికి అది బదులు కాగలదని మాత్రం దీని అర్థం కాదు.

తెల్లవారుజామున ఎం.ఎస్. సుబ్బులక్ష్మి సుప్రభాతం వినే ఇళ్ళు దీనికి దగ్గరి ఉదాహరణ. శ్లోకాలు దేవుని మేలుకొలుపుకే అయినా, ఆ గొంతు కూడా ఇంటి మనిషి గొంతువలె తోస్తుంది. ఆమె కాంస్య విగ్రహం తిరుపతిలో ఉన్నది.

తిరుపతి, సినిమా తారలు

ఎన్.టి. రామారావు మాయాబజార్ (1957)లో కృష్ణుడిగా, శ్రీ వెంకటేశ్వర మహాత్మ్యం (1960)లో వెంకటేశ్వరుడిగా నటించాడు. ఆ కాలంలో తిరుమల యాత్ర ముగించుకొన్న తెలుగువారు బస్సులలో మద్రాసు వెళ్ళి, త్యాగరాయనగర్‌లోని అతని ఇంటి ముందు నిలబడి చూసి వచ్చేవారు. కొండపై దర్శనం, ఆపై ఆ పాత్రధారి దర్శనం ఒకే ప్రయాణంలో కలిసిపోయాయి. ఇది భక్తియా, అభిమానమా అని విడదీసి చెప్పడం కష్టం. 1983 ఎన్నికలలో రామారావు గుడివాడతోపాటు తిరుపతి నుండి కూడా గెలిచాడు.

చిరంజీవి 2008 ఆగష్టు 26న ప్రజారాజ్యం పార్టీని తిరుపతిలోనే ప్రకటించాడు. 2009లో ఆ పార్టీకి 294 శాసనసభ స్థానాలలో 18 మాత్రమే దక్కాయి. చిరంజీవి తిరుపతిలో గెలిచి, తన సొంత జిల్లా అయిన పశ్చిమ గోదావరిలోని పాలకొల్లులో ఓడిపోయాడు. 2011లో పార్టీ కాంగ్రెసులో విలీనమైంది. తెరపై అభిమానం ఓటుగా మారుతుందన్న హామీ లేదని ఇక్కడ తెలుస్తున్నది.

అభిమాన సంఘాలపై పరిశోధన చేసిన ఎస్.వి. శ్రీనివాస్, అభిమానుల విధేయత షరతులు లేనిది కాదని వాదించాడు. తార తమ ఆశలకు తగినట్లు లేనప్పుడు వారు నిలదీస్తారు. పైగా సంఘంలో చేరిన అభిమాని ఒంటరి కాడు. బ్యానర్లు కట్టడం, మొదటి ఆట టిక్కెట్లు సంపాదించడం, రక్తదానం అన్నీ పదిమంది కలిసి చేసే పనులే. హార్టన్, వోల్ ఊహించిన ఒంటరి శ్రోత చిత్రం ఇక్కడ అంతగా అమరదు.

తెగిపోవడం

ధారావాహిక ముగిసినా, తార తెరమరుగైనా కొందరికి ఆప్తులు దూరమైనట్లు బాధ కలుగుతుంది. జోనాథన్ కోహెన్ 2003లో దీనిని కొలిచే ప్రయత్నం చేశాడు. బయటివారికి నవ్వులాటగా కనిపించడం వలన ఈ బాధను పంచుకొనే వీలు తక్కువ.

వస్తువులతో అనుబంధం

మనుషులు వ్యాపార చిహ్నాలతోనూ స్నేహం, అలవాటు వంటి సంబంధాలు పెట్టుకొంటారని సుసాన్ ఫోర్నియర్ 1998లో ముగ్గురు స్త్రీల జీవిత కథనాల ఆధారంగా వివరించింది. కరకంబాడి నుండి వచ్చే అమరాన్ బ్యాటరీని నమ్మకం కొద్దీ కొంటారు, అంతే. 2009లో భౌగోళిక గుర్తింపు పొందిన తిరుపతి లడ్డూ విషయం వేరు. యాత్రికుడు దానిని ఊరికి తెచ్చి, చిన్న చిన్న ముక్కలు చేసి, ఇరుగుపొరుగు వారికి పంచుతాడు.