స్కూటర్ ఫీట్లు సరే... హ్యాండిల్ పొట్టలో గుచ్చుకుందా?

వేసవి సెలవులొస్తే అపార్ట్‌మెంట్ సెల్లార్లలో సాయంత్రం పూట ఒకటే సందడి. ఒక కాలు పలక మీద పెట్టి, రెండో కాలితో నేలను తన్నుతూ నడిపే స్కూటర్లు ఒకప్పుడు చిన్నపిల్లల ఆటవస్తువులు. ఇప్పుడు పదేళ్లు దాటినవాళ్లు కూడా యూట్యూబ్ చూసి వాటి మీద ఫీట్లు నేర్చుకుంటున్నారు. స్కూటర్‌తో సహా గాల్లోకి ఎగిరితే ‘బన్నీ హాప్’. గాల్లో ఉండగానే పలకను ఒక చుట్టు తిప్పి మళ్లీ దాని మీదే దిగితే ‘టెయిల్ విప్’. మీ అబ్బాయో అమ్మాయో నేర్చుకుంటానంటే వద్దనకండి. ఫోన్ పక్కన పడేసి గంటసేపు చెమట పట్టేలా ఆడటం మంచిదే కదా! కాకపోతే మనం భయపడే దెబ్బలు వేరు, భయపడాల్సిన దెబ్బ వేరు.

మోకాలు చెక్కుకుపోయి రక్తం కారితే ఇల్లంతా హడలిపోతుంది. ధారగా పడే నీళ్లతో, సబ్బుతో శుభ్రంగా కడిగి, ధనుర్వాతం టీకా సకాలంలో పడిందో లేదో చూసుకుంటే చాలావరకు అదే మానిపోతుంది. తిరిగొచ్చిన పలక చీలమండకు తగిలితే ప్రాణం లేచిపోయినట్టే ఉంటుంది. అయినా కాలు మోపి నాలుగడుగులు వేయగలిగితే సాధారణంగా ఎముక విరగనట్టే.

నాకు భయం రక్తం కనిపించని దెబ్బంటే. కిందికి దిగేటప్పుడు ముందు చక్రం అడ్డం తిరుగుతుంది. హ్యాండిల్ చివర పొట్టవైపు వస్తుంది. పిల్లవాడి బరువంతా దాని మీదే పడుతుంది. పైకి రూపాయి బిళ్లంత ఎర్రటి మచ్చ తప్ప ఏమీ కనిపించదు. కానీ పిల్లల పొట్ట కండరాలు పలచన. పక్కటెముకలు కూడా పెద్దవాళ్లలోలా కాలేయాన్నీ ప్లీహాన్నీ పూర్తిగా కాపాడలేవు. ఇక క్లోమగ్రంథి, చిన్నపేగు మొదటి భాగం అయితే హ్యాండిల్‌కూ వెన్నెముకకూ మధ్య నలిగిపోవచ్చు.

చిక్కేమిటంటే, ఇది వెంటనే బయటపడకపోవచ్చు. పిల్లవాడు లేచి దులుపుకొని మళ్లీ ఆడతాడు. రాత్రికి అన్నం కూడా తింటాడు. మర్నాడో, రెండు మూడు రోజులకో వాంతులు, జ్వరం, పొట్ట ఉబ్బరం మొదలవుతాయి. ‘బయటి తిండి పడలేదేమో డాక్టరుగారూ’ అంటూ తీసుకొస్తారు. తిడతారని పిల్లవాడు పడిన సంగతే చెప్పడు. (స్కూటర్ తీసి అటక మీద పెట్టేస్తామని బెదిరించే ఇళ్లలో అసలే చెప్పరు.)

అందుకే పడ్డాడని తెలిస్తే చొక్కా ఎత్తి చూడండి. హ్యాండిల్ గుచ్చుకున్న గుర్తు ఉంటే, ఎంత చిన్నదైనా అదే రోజు డాక్టరుకు చూపించండి. పొట్టనొప్పి పెరుగుతున్నా, వాంతులవుతున్నా, ముఖం పాలిపోయినా, మూత్రం ఎర్రగా వచ్చినా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి. దెబ్బ తగలని ఎడమ భుజం నొప్పెడుతోందంటే ప్లీహం చిట్లిందేమోనని మేం అనుమానిస్తాం. ఈలోగా వాము నీళ్లు పట్టడం, పొట్టకు నూనె రాసి రుద్దడం, నొప్పి మాత్ర వేసి పడుకోబెట్టడం... ఇవేవీ వద్దు. డాక్టరు చూసేదాకా తినడానికి ఏమీ పెట్టకండి. ‘హ్యాండిల్ గుచ్చుకుంది’ అన్న మాట మాత్రం తప్పకుండా చెప్పండి. స్కానింగ్ అవసరమో కాదో తేల్చడంలో ఆ ఒక్క మాట మాకు ఎంతో సాయపడుతుంది.

చేతులు చాచి పడి మణికట్టో మోచేయో వాచితే తోమించకండి, బిగుతుగా నాటుకట్టు కట్టించకండి. మోచేయి పైన ఎముక విరిగినప్పుడు బిగుతు కట్టు వల్ల రక్తప్రసరణ ఆగి, చేతివేళ్లు శాశ్వతంగా ముడుచుకుపోయే ప్రమాదముంది. తలకు దెబ్బ తగిలాక వాంతులైనా, మగతగా ఉన్నా ఆలస్యం చేయొద్దు.

ఫీట్లకు మడత పెట్టే స్కూటర్ పనికిరాదు. ఆ మడత దగ్గరే ఊడుతుంది. హెల్మెట్ కనుబొమలకు రెండు వేళ్ల పైన ఉండాలి, పట్టీ పెట్టుకోవాలి. సెల్లార్ ర్యాంపు మీద ఆడనివ్వకండి, కార్లు దిగే దారి అది. హ్యాండిల్ చివర్లలోని రబ్బరు తొడుగులను వారానికోసారి చూడండి. చిరిగి లోపలి లోహపు గొట్టం బయటపడితే, కొత్తవి వేసేదాకా స్కూటర్ ఇవ్వకండి.