ఉంగరంలో దూరే శాలువా

బ్రిటిష్ దీవుల్లో జనం నివసించే చోట్లన్నిటికీ ఉత్తరాన ఉన్న అన్‌స్ట్, షెట్లాండ్ ద్వీపసమూహంలోని ఒక చిన్న దీవి. ఆరడుగుల పొడవూ అంతే వెడల్పూ ఉండి, వంద గ్రాములైనా తూగక, పెళ్లి ఉంగరంలోంచి అడ్డులేకుండా జారిపోయే ఊలు శాలువాలకు ఈ దీవి పేరుపొందింది. అయితే ఉంగరపు పరీక్ష కొనేవారిని మెప్పించే ప్రదర్శన మాత్రమే; అసలు పనితనం సూదులు చేతపట్టడానికి చాలా ముందే, గొర్రె మెడ దగ్గర మొదలవుతుంది.

షెట్లాండ్ గొర్రెల ఉన్ని వేసవి తొలినాళ్లలో దానంతటదే వదులవుతుంది కనుక, కత్తెర వేయకుండా చేత్తోనే మెల్లగా లాగి తీసేవారు. ఈ పద్ధతికి అక్కడ ‘రూయింగ్’ అని పేరు. మెడ చుట్టూ దొరికే అతి మెత్తని ఉన్నిని వేరుచేసి, దువ్వి, చిన్న రాట్నం మీద వడికి, రెండు పోగులు కలిపి పేనిన తరువాత కూడా ఆ ఊలు కుట్టుదారమంత సన్నగానే ఉంటుంది. శాలువా ఘనతలో సగం ఈ వడికే చేతిదే అనడం అతిశయోక్తి కాదు.

లేసు అంటే, ఒక విధంగా, రంధ్రాల అమరిక. సూదిమీద నిలిచే ప్రతి ఊలు మెలికా ఒక కుట్టు. ఊలును సూదికి ఊరికే ఒకసారి చుడితే కొత్త కుట్టు పుట్టి, దాని కింద ఒక రంధ్రం మిగులుతుంది. రెండు కుట్లను కలిపి ఒకటిగా అల్లితే పెరిగిన లెక్క మళ్లీ సరిపోతుంది. ఈ పెంపునూ తగ్గింపునూ ఎక్కడెక్కడ జతచేశారన్నదాన్ని బట్టి ‘పిల్లి పాదం’, ‘పక్షి కన్ను’, ‘అల జాడ’ వంటి అర్థాలున్న పేర్లు గల నమూనాలు ఏర్పడతాయి. ఆంధ్రప్రదేశ్‌లోని నరసాపురం లేసులో కొక్కెపు సూదితో ఒక్కో కుట్టునూ అక్కడికక్కడే ముగిస్తారు కాబట్టి తప్పును విప్పి దిద్దుకోవడం తేలిక; ఇక్కడ వందల కుట్లు ఒకేసారి సూదిమీద తెరిచి ఉంటాయి, ఒక్క చుట్టు మరిచినా నమూనా పక్కకు జరుగుతుంది, పోగులు ఒకదానినొకటి అంటిపెట్టుకునే ఊలును వెనక్కి విప్పడమంటే ఊపిరి బిగబట్టి చేయాల్సిన పని.

సూదుల మీదినుంచి దిగినప్పుడు ఆ అల్లిక నలిగిన గుడ్డపేలికలా ఉంటుంది. దానిని ఉతికి, తడి ఆరకముందే, అంచున ఉన్న ప్రతి పంటి మొనలోంచీ దారం పోసి, నాలుగు వైపులా చెక్క చట్రానికి లాగి కడతారు. బిగుతు పెరిగేకొద్దీ ముడుచుకుపోయిన రంధ్రాలు వరుసగా విచ్చుకుని, అప్పటిదాకా కనబడని ఆకులూ అలలూ ఒక్కొక్కటిగా తేలతాయి. ఆరిన తరువాత కూడా ఆ రూపు నిలుస్తుంది.

ఎడ్వర్డ్ స్టాండెన్ అనే ఆక్స్‌ఫర్డ్ వర్తకుడు 1840 ప్రాంతంలో లండన్‌లో ప్రచారం కల్పించాక ఈ శాలువాలు సంపన్నుల భుజాలెక్కాయి గానీ, అల్లిన స్త్రీల చేతికి మాత్రం డబ్బు అరుదుగానే వచ్చేది. దుకాణదారులు అల్లికకు బదులుగా తేయాకు, గుడ్డ వంటి సరుకులో, తరువాత సరుకుగా మార్చుకునే చీటీలో ఇచ్చేవారు. ఈ సరుకు కూలి పద్ధతిపై ప్రభుత్వం జరిపించిన విచారణ నివేదిక 1872లో వెలువడింది. నరసాపురం లేసు కార్మికుల గురించి సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో ప్రచురించిన గ్రంథం కూడా, ఇంటిపట్టున ఉండే స్త్రీల తీరిక పనిగా లెక్కగట్టడం వల్లే ఆ శ్రమకు విలువ లేకుండా పోయిందని చూపింది. షెట్లాండ్ విచారణలో అల్లిక పనివారు చెప్పిన సంగతి ఇంకా సూటిగా ఉంది: ఇంట్లో తినడానికి పిండి లేనప్పుడు, కూలిగా దొరికిన తేయాకునే ఇరుగుపొరుగుకు ఇచ్చి పిండి తెచ్చుకునేవారు.